కీడు శంకించే మనసు



"ఎందుకో పొద్దుటి నుంచి మనసు కీడు శంకిస్తోంది" అనే మాట మన ఇళ్ళలో విననివారుండరు. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఏ పల్లెలోనైనా ఇంతే. కన్ను అదిరినా, రాత్రి గుడ్లగూబ కూసినా ప్రయాణాలు ఆగిపోతాయి. ఆ శంక నిజంగా ఒక కబురా? కబురైతే పంపినదెవరు?

శంకించిన కీడు జరిగిన రోజు మనకు కలకాలం గుర్తుంటుంది. శంకించినా ఏమీ జరగని నూరు రోజులను సాయంత్రానికే మరచిపోతాం. జ్ఞాపకం ఇలా తూకం తప్పితే ప్రతి శంకా జోస్యంలాగే కనిపిస్తుంది.

1966 అక్టోబరు 21న వేల్స్ దేశంలోని అబర్‌ఫాన్ గ్రామంలో బొగ్గుగని మట్టిదిబ్బ జారి బడిమీద పడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. ఈ కీడు ముందే తోచినవారు వ్రాయవలసిందని జాన్ బార్కర్ అనే మానసిక వైద్యుడు పత్రిక ద్వారా కోరితే 76 ఉత్తరాలు వచ్చాయి. అవన్నీ ప్రమాదం జరిగాక వచ్చినవి. అయితే 1963లోనే స్థానిక ఇంజనీరు ఒకరు, బడి వెనుక పోస్తున్న ఆ మట్టితో ముప్పు ఉందని లేఖలు వ్రాశారు. ఆ లేఖలను లక్ష్యపెట్టినవారు లేరు.

అలాగని మనసు మాటను కొట్టిపారేయనక్కరలేదు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవానికి నీటి రంగు, సుడి, కొట్టుకొచ్చే దుంగలు చూడగానే గుండె జారుతుంది. ఏళ్ళ అనుభవం మాటల్లోకి రాకముందే భయమై పలుకుతుంది. కారణాలను చూసి రాబోయేది ఊహించడం తప్పు కాదనీ, దేవునికే తెలిసినదాన్ని శకునాలతో లాక్కోజూడడమే పాపమనీ పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే వివరించారు. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల వద్ద ఇచ్చే మూడు హెచ్చరికలు మొదటి కోవలోనివి. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు పొంగిన నది అది. అక్కడ అడగవలసింది నీటిమట్టం ఎంత అనే.

శంకకు గీటురాయి ఒకటుంది. అది నన్ను ఎటు నడుపుతోంది? జ్వరపడిన బిడ్డను ఆసుపత్రికి తీసుకుపొమ్మంటే, అలిగిన అన్నతో సమాధానపడమంటే మంచిదే. కీడు జరగకపోయినా నష్టం లేదు. పక్కింటి ముసలమ్మ చేతబడి చేసిందని వేలు చూపమంటే మాత్రం ఆ శంకే కీడు. అలాంటి అనుమానాలు మన ప్రాంతంలో ప్రాణాలు తీసిన సంగతి మీరెరుగనిది కాదు.

1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం, రేపటిని గురించి అనుచితమైన ఆరా మానమంటూనే, ముందుజాగ్రత్త లేకపోవడం బాధ్యత లేకపోవడమే కాగలదని కూడా అంటుంది.

గెత్సెమని తోటలో క్రీస్తు ప్రభువు రాబోయే శ్రమలను ఎరిగి దుఃఖించారు. ఆ దుఃఖాన్ని దాచుకోలేదు. శిష్యులను తనతో మేల్కొని ఉండమన్నారు, తండ్రిని ప్రార్థించారు, లేచి ఎదురు వెళ్ళారు. మీ మనసు కీడు శంకించిననాడు మీరూ అంతే చేయండి. మీవాళ్ళకు చెప్పండి. ప్రార్థించండి. చేతనైన జాగ్రత్త తీసుకోండి. ఆపై నిశ్చింతగా గడప దాటండి.