వచ్చిపోవు సేవ

ఎల్లంతకుంటవంటి పల్లెయందొక బాలసదనమునకు ఆదివారమునాడు పట్టణమునుండి పదిమంది కళాశాల విద్యార్థులు వచ్చిరనుకొందము. గోడలకు సున్నము వేసిరి. పిల్లలకు లెక్కలు చెప్పిరి. వారితో పంక్తిని గూర్చుండి భుజించిరి. సాయంకాలము బస్సెక్కబోవుచుండగా ఆఱేండ్ల బాలిక యొకతె యొక యువతి చేయి పట్టుకొని "అక్కా, మళ్ల ఎప్పుడొస్తవు?" అని యడిగెను. "వచ్చే ఆదివారం వస్త" నని యామె చెప్పెను. ఆ యాదివారము నాటికి పరీక్షలు వచ్చిపడినవి. పిమ్మట నామెకు వేఱూర నుద్యోగమైనది. ఆమె చేసినది సేవయేనా?

సందేహమేల యని పలువు రందురు. సెలవుదినమును సినిమాలలో వ్యర్థపుచ్చక పరులకొఱకు వినియోగించిన యువజనులను మేమును శంకింపము. కాని యా సాయంకాలము యువతి యింటికి గొనిపోయినది మధురమైన జ్ఞాపకము. బాలికకు మిగిలినది లెక్కింపవలసిన యాదివారములు. ఇచ్చుటకు వచ్చినవారు పుచ్చుకొనిపోయిరి.

సదనములకు బోవువారు తఱచుగా నొక ముచ్చట చెప్పుదురు: "మేము కాలు పెట్టగనే పిల్లలు పరుగెత్తుకొని వచ్చి యొడిలో గూర్చుండిరి, ఎంత ప్రేమ!" అని. క్రొత్తవారిని జూచిన వెంటనే యెవరి యొడినైన నెక్కుట ప్రేమకు గుఱుతు కాకపోవచ్చును. తనదని చెప్పుకొనదగిన పెద్దదిక్కు నిలుకడగా లేని బిడ్డలయందు ఈ లక్షణము కానవచ్చునని శిశుమనస్తత్త్వ మెఱిగినవారు కనుగొనియున్నారు. రుమేనియా రాజధాని బుకారెస్టునందు 2000 సంవత్సరమున మొదలైన పరిశోధనలో, శరణాలయములందలి 136 మంది పసిబిడ్డలలో సగముమందిని చీట్లువేసి పోషకకుటుంబముల కప్పగించిరి. అట్లు కుటుంబములకు జేరినవారు సగటున బుద్ధియందును, ఒక్కరియందు మమత నిలుపుకొనుటయందును మిగిలినవారిని మించిరి. బిడ్డకు గావలసినది పదిమంది యక్కలు కాదు, పోని యక్క యొకతె.

అట్లైన యువకులు సదనముల గడప త్రొక్కరాదా? త్రొక్కవచ్చును. రాత్రింబవళ్లు పిల్లలను గనిపెట్టుకొనియుండు ఆయాకు నెన్నడైన నొకపూట విశ్రాంతి కలిగింపవచ్చును. చెడిన బోరు బాగుచేయింపవచ్చును. లెక్కలు చెప్పదలచినవారు పదిమంది కాక యిద్దఱే, సైకిలుపై రాదగిన దూరమువారు, ఏడాది పొడుగున రావచ్చును. రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు కాకినాడలో అనాథబాలలకొఱకు పాటుపడినప్పుడు ఆ యూరి కళాశాలకే అధ్యక్షులై, 1904 మొదలు 1919 వఱకు అచ్చటనే యుండిరి. ఇక పిల్లలతో దీయించుకొను ఛాయాచిత్రముల మాట: ఇట్టి బిడ్డల గుఱుతు తెలియునట్లు ప్రచురించుటను 2015 నాటి బాలన్యాయచట్టపు 74వ సెక్షను నిషేధించుచున్నది. ఈ సంగతి చదువుకొన్నవారికే తెలియకుండుట వింత!

మఱియొక మాట చెప్పక తప్పదు. సదనములందలి బిడ్డలందఱును తలిదండ్రులు లేనివారు కారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పురుషు లెందఱో దుబాయి, మస్కట్టులకు బోయినవారు. సిరిసిల్ల మరమగ్గముల నమ్ముకొని, అప్పులపాలై ప్రాణములు దీసికొన్న నేతకార్మికులును గలరు. బీడీలు చుట్టి బ్రదుకు తల్లి బిడ్డను సదనమునకు బంపుట ప్రేమ లేక కాదు, అన్నము లేక. సంస్థయందుంచుట యన్నిటికిని కడపటి యుపాయముగ నుండవలెనని పైచట్టమే చెప్పుచున్నది. బిడ్డను తల్లియొద్దనే యుంచి పోషించుటకై మిషన్ వాత్సల్య పథకమున నెలకు 4000 రూపాయల సాయము 2022లో నేర్పఱుపబడినది. వితంతువుల బిడ్డలు దీనికి తగినవారు. కాని యా తల్లికి దరఖాస్తు వ్రాయుట రాదు. ఆదాయపు పత్రమునకై కార్యాలయముల చుట్టు దిరిగిన నానాటి బీడీకూలి పోవును. జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు ఆమె వెంట బోయి కాగితము లందించి వచ్చుటకు నొక యువకుడు చాలును. ఈ పనిలో ఒడిలోనికి వచ్చు బిడ్డ లేదు, చేయి పట్టుకొని యడుగువారు లేరు. దీనికి పదిమంది దొరకకుండుటకు గారణ మిదియే యని మా యనుమానము.

ఆ యువతి నాడు "మళ్ల రాను బిడ్డా, నాకు పరీక్షలున్నయి" అని చెప్పియుండిన బాలిక యేడ్చియుండును. బస్సులోనివారు ఆమెను కఠినురాలని తలచియుందురు. రాత్రి ఆయా దానిని సముదాయించి నిదురపుచ్చియుండును. తరువాతి యాదివారము ఆ పిల్ల వాకిట నిలువక తోడివారితో నాడుకొనియుండును.