హైబ్రిడ్ కారు – పరిమాణ వ్రతము



మా పెట్రోలు కారు తొమ్మిదేండ్లది. ఇంకను చక్కగా నడచుచున్నది. దానిని అమ్మి హైబ్రిడ్ కారు కొందమని మా అబ్బాయి పట్టుబట్టినాడు. "నాన్నగారూ, పెట్రోలు తగ్గును, పొగ తగ్గును. హింసను తగ్గించు వస్తువు కొనుట ధర్మమే గదా!" అన్నాడు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు.

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్ మోటారును, బ్యాటరీయు ఉండును. మామూలు కారులో బ్రేకు వేసినపుడు వేడియై వృథాయగు శక్తిలో కొంత ఇందులో బ్యాటరీకి చేరును. అందుచేత ఆగుచు సాగుచు పోవలసిన బజారు వీధులలో లాభమెక్కువ. ఏకధాటిగా పోవు పెద్ద రోడ్డుమీద తక్కువ. లీటరు పెట్రోలు కాలిన సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. కావున పెట్రోలు తగ్గుట నిజముగా మేలే.

అయితే జమా వ్రాసినవాడు ఖర్చును కూడ వ్రాయవలెను. బ్యాటరీకి కావలసిన లోహములకై భూమిని త్రవ్వవలెను. కారు తయారీకి నిప్పు, నీరు వినియోగింపవలెను. పృథ్వీకాయము మొదలుకొని ఎన్ని జీవరాసులకు బాధ! గృహస్థు సంకల్ప హింసను విడువవలెననియు, ఆరంభ, ఉద్యోగ హింసలను యత్నముతో తగ్గించుకొనవలెననియు మన పెద్దలు బోధించిరి. నడచుచున్న బండిని కాదని క్రొత్తది చేయించుట యత్నమగునా?

ఇంకొక చిక్కు కలదు. నెలకు 1,400 కిలోమీటర్లు తిరుగువానికి లీటరుకు 14 కిలోమీటర్ల చొప్పున 100 లీటర్లు కావలెను. లీటరుకు 21 కిలోమీటర్లు వచ్చు కారైన 67 లీటర్లు చాలును. కాని "ఖర్చు తక్కువే గదా" యని 2,100 కిలోమీటర్లు తిరిగినచో మరల 100 లీటర్లే! బొగ్గును పొదుపుగా వాడు యంత్రములు వచ్చిన కొలది బొగ్గు వాడకము పెరుగునని జెవాన్స్ అను ఆంగ్ల ఆర్థికశాస్త్రవేత్త 1865లోనే వ్రాసినాడు. యంత్రము పొదుపు నేర్చినను, మనస్సు నేర్వకున్న ఫలమేమి?

ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుని తలచుకొనుడు. ఆయన గొప్ప ధనవంతుడు. మహావీర స్వామి సన్నిధిని వ్రతము గైకొన్నపుడు బండ్లను వదలలేదు. దూర ప్రయాణమునకు 500, సరకుల రవాణాకు 500 అని హద్దు పెట్టుకొన్నాడు. సంఖ్య పెద్దదే. కాని హద్దు హద్దే! బండి మంచిదా చెడ్డదా యనుటకు ముందు, "ఎంతవరకు?" అని ఆయన తన్ను తాను ప్రశ్నించుకొన్నాడు.

ఈ మాట అబ్బాయితో చెప్పి, ఒక నెల తిరుగుళ్లన్నియు చిట్టాలో వ్రాయుమంటిని. అతని దుబారా బయటపడునని నా తలంపు. నెలాఖరున చూడగా సగము తిరుగుళ్లు నావే! అర మైలు దూరమున్న అంగడికి రోజూ కారు. పాదచారులైన మునివర్యుల దర్శనమునకు సయితము, ఊరిలోనే యున్నను, కారు. సిగ్గుపడితిని.

ఇపుడు నెలకింత యని కిలోమీటర్ల పరిమాణము ఇద్దరమును వ్రాసికొన్నాము. అంగడికి నేను నడచుచున్నాను. పాత కారు పని చేసినన్నాళ్లు అదే చాలును. అది మూలబడిన నాడు హైబ్రిడ్ కారు కొందుము. ఆనాడును పరిమాణము మారదు. కొనబోవు సోదరులు మొదట ఆ సంఖ్యను వ్రాసికొని, పిమ్మట కార్ల దుకాణమునకు పోవలెనని నా మనవి.

జయ జినేంద్ర!