విరుగుడు - బాధ్యత

విషానికి విరుగుడు దొరికితే విషాన్ని వీధిన వదిలినవారి బాధ్యత తగ్గుతుందా? ఈ ప్రశ్న నాకొక చర్చలో ఎదురయింది. రేడియోధార్మిక పదార్థం ఒంట్లో చేరినా మందులతో వెళ్ళగొట్టవచ్చు గనుక భయం అనవసరమన్నారు నా తోటి అధ్యాపకులొకరు. సైన్సు చేసిన గాయాన్ని సైన్సే మాన్పుతుందన్నారు. ఈ వాదంలో సత్యమున్నది; కాని సగమే.

ఆ సగాన్ని ముందు ఒప్పుకుందాం. 1987 సెప్టెంబరులో బ్రెజిల్ దేశపు గొయానియా నగరంలో, పాడుబడిన ఒక చికిత్సాలయంలో మిగిలిపోయిన రేడియోథెరపీ యంత్రభాగాన్ని ఇద్దరు పేదలు పాత ఇనుము ధరకోసం ఊడదీశారు. అందులోని సీసియం-137 చీకటిలో నీలంగా మెరిసింది. ఆ మెరిసే పొడిని వింతగా చూసి, ఇరుగుపొరుగు పంచుకున్నారు. సీసియం మన దేహంలో పొటాషియంలాగే ప్రవర్తిస్తుంది. కండరాలలో చేరుతుంది, పేగులోకి దిగి మళ్ళీ రక్తంలోకి పోతుంది. ప్రష్యన్ బ్లూ అనే రంగుపదార్థాన్ని మింగిస్తే అది సీసియాన్ని పేగులోనే పట్టుకొని మలంతో వెళ్ళగొడుతుంది. ఒంట్లోని సీసియం సగమవడానికి పట్టే సుమారు 110 రోజులు 30కి తగ్గుతాయి. అక్కడ 46 మందికి ఆ మందిచ్చారు. చిత్రకారుల రంగు ప్రాణరక్షణకు వచ్చింది! దీనిని చిన్నచూపు చూసేవాడు అభ్యుదయవాది కాడు.

అయితే బయటికి పోయినది ఎక్కడికి పోయినట్లు? పరమాణు కేంద్రం నుంచి వెలువడే కిరణాలను రసాయనం ఆపలేదు. పదార్థానికి చోటు మారుస్తుంది, అంతే. సీసియం తనంత తాను సగం తరగడానికి 30 ఏళ్ళు కావాలి. రోగుల మలమూత్రాలు కూడా ప్రమాదకర వ్యర్థాలే. వాటిని ఎత్తడానికి మరొక మనిషి కావాలి. దేహం వదిలించుకున్నదాన్ని సమాజం మోయాలి. సమాజంలో ఇటువంటి బరువులు ఎవరి నెత్తికి ఎక్కుతాయో మన దేశంలో చెప్పనక్కరలేదు.

అప్పటికే దెబ్బతిన్న కణాలను ఆ మందు బాగుచేయదు. నలుగురు చనిపోయారు. ఒకరు ఆరేళ్ళ పాప. ఆమె శవాన్ని పాతిపెట్టనీయకుండా జనం భయంతో దారికడ్డంగా రాళ్ళు వేశారు. మరొకరు పాతసామాన్ల వ్యాపారి భార్య. జబ్బులకు ఆ వస్తువే మూలమని అనుమానించి, ఒక పనివాని తోడుతో దానిని బస్సులో ఆరోగ్యాధికారుల వద్దకు చేర్చినది ఆమే. యంత్రం సంగతి తెలిసినవారి నడుమ అది దిక్కులేక పడి ఉన్నది. తెలియని ఇల్లాలు దాని బాధ్యత తీసుకున్నది.

నా మిత్రునికి నేనిచ్చిన జవాబు ఇది: మందు నిలవ ఉండాలి, సందేహం లేదు. అంతకుముందే ఆ గదికి తాళమూ, కావలివాడూ ఉండాలి. మందును చూపి కావలివాని జీతం మిగుల్చుకునేవారిని మనం నిలదీయాలి. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. మా చర్చ సాగుతూనే ఉన్నది.