చేవ్రాలును సమ్మతియును

మారిషసు ద్వీపమున పాంప్లెమూస్ సమీపమునందు బో ప్లాన్ అను పాత చక్కెర కర్మాగారము కలదు. 1999లో అందలి యంత్రములు నిలిచిపోయినవి. 2002 నుండి అది చెఱకుతోటల చరిత్రను తెలుపు ప్రదర్శనశాలగా నున్నది. ఆ యంత్రముల నడుమనే బానిసల కథయు, వారి వెనుక మన దేశమునుండి పోయిన కూలీల కథయు చెప్పబడినవి. అంతయు చూచి బయటికి వచ్చువారికి తుదను పలువిధములైన చక్కెరలను రుచి చూపుదురు. మేము చెంచా చేత పట్టుకొని కొంత తడవు నిలిచిపోతిమి.

ఆ ద్వీపమున బానిసత్వము 1835 ఫిబ్రవరి 1వ తేదీని రద్దయ్యెను. బ్రిటిషు ప్రభుత్వము నష్టపరిహారమును యజమానుల కిచ్చినది. కొరడాదెబ్బలు తిన్నవారికి దమ్మిడీయైన నీయలేదు. నష్టపడిన దెవరో ఆ కాలపు ప్రభువులకు తోచిన విధ మది! ఇక తోటలకు చేతులు కావలసెను. 1834 నవంబరు 2వ తేదీననే అట్లాస్ అను ఓడ 36 మంది భారతీయ కూలీలను దింపియుండెను. 1920 నాటికి ఇంచుమించు అయిదు లక్షలమంది వచ్చిరి. గోదావరి పాయనంటిన కోరంగి రేవున ఓడ యెక్కిన మన తెలుగువారికి అక్కడ కోరంగీలనియే పేరు నిలిచినది.

వీరు బానిసలు కారు, ఒడంబడికకు నిశాని వేసి తమ యిష్టముతో వచ్చినవారు. ఆ పద్ధతిని సమర్థించువారి సమాధాన మిదియే. ఆకలిగొన్నవాని సమ్మతి సమ్మతియే కాదని దీనిని త్రోసిపుచ్చుట సులభము. మాకు మాత్ర మది నచ్చదు. కరవునుండియో, అప్పులవానినుండియో, అత్తింటి బాధలనుండియో తప్పించుకొనదలచి ఓడ యెక్కినవారికిని బుద్ధి కలదు. వారు తెగించి చేసిన ఆ యొక్క నిర్ణయమును జాలి పేరిట మనము కాజేయరాదు. కావున లోనికి వచ్చిన ద్వారమును గాక, వెలుపలికి పోవు ద్వారమును చూడవలెను.

ఆ ద్వార మెట్లుండెను? ఒకదినము పనికి రాకున్న రెండుదినముల కూలి కోసివేసెడివారు. ఒడంబడిక కాలము ముగిసినవాడు సైతము, 1867 నాటి శాసనము ననుసరించి, తన ఛాయాచిత్రముగల చీటిని వెంట నుంచుకొనవలెను. అది లేక దారిని కనబడినచో దేశదిమ్మరి యని పట్టుకొనెడివారు. 1871లో 9,401 మంది పాత కూలీలు ఈ బాధలను వ్రాయించి అర్జీ పెట్టుకొనిరి. వారికి తోడ్పడిన అడోల్ఫ్ ద ప్లెవిత్స్ తానును తోటదారుడే. అందుకు ఫలముగ నడివీథిలో దెబ్బలు తినెను. మరుసటి యేట రాయల్ కమిషన్ విచారణకు వచ్చినది. ఒడంబడికమీది నిశానిని పట్టుకొని వాదించిన యజమానులకు అర్జీమీది నిశానులు కంటగింపయ్యెను.

ఇది యంతయు సముద్రమున కావలి సంగతి యని ఊరటపడజూచితిమి గాని, మా యింటి సంగతి యొకటి అడ్డువచ్చినది. మావద్ద పనిచేయు స్త్రీ కూతురి పెండ్లికి కొంత సొమ్ము ముందుగా తీసికొన్నది. మరుసటి యేట వేఱొకచోట నెక్కువ జీతము దొరకగా, వెళ్లుదునమ్మా యని మా గృహిణితో చెప్పుకొన్నది. బాకీ తీర్చి వెళ్లుమంటిమి. మెత్తగనే యంటిమి. ఆమె నిలిచిపోయినది. ఆమె మమ్ము విడిచి పోలేదని చుట్టములతో గొప్పగా చెప్పుకొంటిమి కూడ.

అప్పు అప్పేగదా యని చదువరులడుగవచ్చును. నిజమే. అప్పు తీర్చుట వేఱు, అప్పు తీరువఱకు కదలకుండుట వేఱు. ఈ రెంటిని ముడివేయరాదనియే మన దేశమున 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టము పుట్టినది. ఆ చట్టమును మేము చదివినవారమే. అది పొలములలోని పాలేర్లకే గాని మా వంటింటికి వర్తించునని యెన్నడును తలపలేదు.

చక్కెర రుచి చూచితిమి. బాగుగనే యున్నది, అందు నల్లనిదానికి మన బెల్లపు వాసన కలదు. ఇల్లు చేరిన తరువాత లెక్కల పుస్తకము తీసి ఆమె బాకీ చూచితిమి. అది తీరి నాలుగు నెలలైనది. ఆమె కెవ్వరును చెప్పియుండలేదు.