చరించువాని ధర్మము

తాను నమ్మిన ధర్మమును తానాచరించుట ప్రతి మానవునకును విధి. దానిని పరుల గుమ్మమునకు కొనిపోయి చెప్పుట మాత్రము ఎల్లకాలమును వివాదమునకు తావైనది. చెప్పువాడు వయోవృద్ధుడైనచో లోకము కొంత సహించును. ఇరువదియేండ్లైనను నిండని యువకుడు సముద్రములు దాటి వచ్చి దైవమును గూర్చి బోధింపబూనినచో, వీనికేమి తెలియునని నవ్వును. ఆ నవ్వు న్యాయమైనదేనా? అనుభవము పండనివానికి బోధించు అధికారము కలదా? పిలువని గుమ్మమును తట్టుట ధర్మమా? ఈ ప్రశ్నలను విచారించుటకు మార్మను యువబోధకుల జీవనము తగిన ఉదాహరణము.

మార్మనులని లోకము పిలుచు సంఘమును 1830 ఏప్రిల్ 6వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ స్థాపించెను. దాని కేంద్రము నేడు యూటా రాష్ట్రమునందలి సాల్ట్ లేక్ నగరమున కలదు. ఆ సంఘపు యువకులు రెండేండ్లును, యువతులు పదునెనిమిది నెలలును బోధకులుగా సేవచేయుట ఆచారము. యువకులకు పూర్వము 19 ఏండ్లు నిండవలసియుండెను. 2012 నుండి 18 ఏండ్లకే అనుమతి లభించుచున్నది. ఏ దేశమునకు పోవలెనో వారు కోరుకొనరాదు. పెద్దలు నిర్ణయించి తెలిపెదరు. జీతము లేదు. ఖర్చునకు వారును వారి కుటుంబములును సొమ్ము కూర్చుకొనవలెను. చిన్ననాటినుండి ఇందులకై పైకము దాచుకొనువారును కలరు.

వారి దినచర్య కఠినమైనది. సాధారణముగా ఉదయము 6.30 గంటలకు లేచుట, వ్యాయామము, ప్రార్థన, గ్రంథపఠనము, పరభాషాభ్యాసము, పిదప ఊరిలో సంచారము, రాత్రి 10.30 గంటలకు నిద్ర. ఎల్లప్పుడును ఇద్దరు కలిసియే తిరుగవలెను. బట్టలు ఉదుకుకొనుటకును, అంగడికి పోవుటకును వారమున ఒక దినము కలదు. మద్యము, పొగాకులే కాక కాఫీ, టీలును ఆ మతమున నిషిద్ధములు. అతిథికి ముందుగా టీ ఇచ్చుటయే మర్యాదగా నెంచు తెలుగింట దానిని నొప్పింపక నిరాకరించుట ఎంత నేర్పుతో కూడిన పనియో ఊహింపవచ్చును. పూర్వము వారు ఇంటికి టెలిఫోను చేయుట ఏడాదికి రెండుమార్లే. 2019 నుండి వారమునకొకసారి మాటలాడు అవకాశము కలిగినది. ఇంటి బెంగయు, తలుపులు మూయువారి విసుగును వారికి నిత్యపరిచితములు.

తెలుగువారికి ఈ సంఘము తెలియనిది కాదు. సమోవా ద్వీపమున నివసించుచు ఆ మతమును స్వీకరించిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో బోధకులుగా హైదరాబాదునకు వచ్చిరి. ఆ నెలలో 22 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెక్కురు ఆ దంపతుల బంధువులే. 1982లో మార్మను గ్రంథమునుండి కొన్ని భాగములు తెలుగున వెలువడెను. 2012లో హైదరాబాదున స్టేక్ అను ప్రాంతీయ వ్యవస్థ ఏర్పడెను.

ఇక మొదటి ప్రశ్న. పదునెనిమిదేండ్ల వానికి బోధాధికారము కలదా? శాస్త్రార్థమును నిర్ణయించు అధికారము లేదు. తన జీవితమున తాను చూచినదానిని చెప్పు అధికారము మాత్రము బాలునకైనను కలదు. అయితే ఇచ్చట ఒక చిక్కు. వేళకు లేచుట నియమము. లేచినపుడు మనస్సు దైవమునందు నిలుచుట విశ్వాసము. తోడివాడు లేచినాడని లేచువాడు నియమవంతుడే కాని విశ్వాసియని చెప్పజాలము. రెండేండ్లు గడచి, అడుగువారెవరును లేని తన గదికి చేరినపుడు అతడేమి చేయుననునదే నిజమైన పరీక్ష.

ఆ పరీక్ష పరాయివారికి మాత్రమే కాదు. తిరువూరు వంటి ఊరిలో తల్లి లేపగా లేచి, విభూతి ధరించి, ఇష్టలింగార్చన చేసిన బాలుడు విజయవాడకో, హైదరాబాదునకో, అమెరికాకో చదువునకై పోవును. అచ్చట లేపు తల్లి లేదు. అర్చన చేసితివాయని అడుగు జంగమయ్య లేడు. మార్మను యువకుని వెంట కట్టుబాటు పరదేశమునకును పోవును. మన యువకుని కట్టుబాటు ఊరి పొలిమేరలోనే ఆగిపోవుచున్నదేమో తల్లిదండ్రులు ఆలోచింపవలెను.

రెండవ ప్రశ్న, పిలువని గుమ్మము. రాజ్యాంగపు 25వ అధికరణము మతమును అవలంబించుటకును ప్రచారము చేయుటకును స్వేచ్ఛ నిచ్చినది. ప్రచారహక్కులో పరుని మతము మార్చు హక్కు చేరియుండదని 1977లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. చట్టము గీచిన గీత ఇది. ధర్మము అంతకంటె లోతునకు పోవును. బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కులభేదము పాటింపక అందరిని శివభక్తికి పిలిచెను. పిలుచుటయే దోషమన్నచో మన మూలమునే మనము నిందించుకొన్నట్లగును. జంగమమునకు చరించుటయే ధర్మమని నమ్మిన వారమై, చరించుచు వచ్చిన పరదేశిని అందులకే తప్పుపట్టజాలము.

కావున దోషము పిలుపునందు లేదు. పిలుచు తీరునందు ఉండవచ్చును. పేదరికమును చూచి ఆశ చూపరాదు. రోగమును చూచి భయపెట్టరాదు. ఇంటివాని దైవమును ఇంటివాని యెదుటనే తూలనాడరాదు. అన్నింటికంటె ముఖ్యము, చెప్పగోరువాడు వినుటకును సిద్ధపడవలెను. తనదే పూర్ణసత్యమని దృఢముగా నమ్మినవాడు ఎట్లు వినునని కొందరడుగుదురు. ఇది నిజముగా కష్టమే. కాని వినుట అనగా అంగీకరించుట కాదు. గృహస్థుని మెడలోని లింగమును చూచి, దీని అర్థమేమి యని ఆదరముతో అడిగిన బోధకుడు తన విశ్వాసమును కోల్పోడు. ఎదుటివాడు మనిషియని గుర్తించినవాడగును.

అట్లు అడిగినపుడు మన యింటి బిడ్డడు ఏమి చెప్పగలడు? తాతలనాటినుండి కట్టుచున్నామని మాత్రమే చెప్పి ఊరకుండునేని, ఆ లోపము వచ్చినవానిది కాదు. పరదేశి రాకను చూచి భయపడు కుటుంబములు ముందుగా తమ పిల్లలకు లింగధారణార్థమును, కాయక దాసోహముల అంతరార్థమును ఇంటనే తెలియజెప్పవలెను. మఠములును సెలవు దినములలో ఇందులకై బాలబాలికలను చేరదీయుట మేలు. తన ధర్మమును ఎరిగినవాడు గుమ్మమున నిలిచినవానికి మంచినీరిచ్చి, అతని మాట విని, తన మాట చెప్పి, సగౌరవముగా సాగనంపగలడు.