పాట ఎవరిది? కర్తృత్వం, గానం, రుణం: ఒక నైతిక విచారణ

వ్యాస సంగ్రహం

ఒక పాటను ఒకరు కడతారు, మరొకరు పాడతారు, వేలమంది అందుకుంటారు. అది ఎవరిదన్న ప్రశ్నకు చట్టం యాజమాన్యపు భాషలో సమాధానం చెబుతుంది. నీతి రుణం భాషలో చెబుతుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలపు ‘బండెనక బండి కట్టి’ పాటను, సోల్ సంగీత ప్రభావంతో 1967లో ఇంగ్లండ్‌లో వెలువడిన ఒక రాక్ గీతాన్ని పక్కపక్కన ఉంచి ఈ వ్యాసం ఆ భేదాన్ని పరిశీలిస్తుంది. ‘జనం పాట’ అన్న గౌరవం కట్టినవారి పేరును మరుగుపరచడానికి సాకు కారాదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కర్తృత్వం, పోరాట గేయం, సోల్ సంగీతం, అజ్ఞాత కవిత్వం, గద్దర్, బండి యాదగిరి.

1. ప్రవేశిక

పూర్వపు మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు ప్రాంతం కొన్ని దశాబ్దాల కిందట సేద్యం మీద బతికిన నేల. ఇప్పుడది కర్మాగారాల వరుస. అక్కడి భానూర్‌లో భారత్ డైనమిక్స్ సంస్థ ట్యాంకు విధ్వంసక క్షిపణులను తయారుచేస్తుంది. కర్మాగారం నుంచి వెలువడే వస్తువు మీద సంస్థ పేరు ఉంటుంది. దాన్ని మలిచిన చేతుల పేర్లు ఉండవు. ఈ ఏర్పాటును ఎవరూ అన్యాయమని అనరు. శ్రమకు వేతనం ముట్టింది, వస్తువు సంస్థది అయింది.

ఇదే జిల్లా తెలుగు నేలకు గొప్ప పాటగాళ్లను, కళాకారులను ఇచ్చింది. గద్దర్‌గా ప్రసిద్ధుడైన గుమ్మడి విఠల్‌రావు స్వస్థలం తూప్రాన్. ‘మా భూమి’ చిత్ర నిర్మాతలలో ఒకరైన బి. నర్సింగరావు స్వస్థలం ప్రజ్ఞాపూర్. వారి ద్వారా లోకానికి చేరిన పాట విషయంలో కర్మాగారపు న్యాయం సరిపోతుందా? పాట కూడా అనేక చేతుల మీదుగా తయారయ్యేదే. అయినా దాని మీద ఒక పేరు ఉండడమా, లేకపోవడమా అన్నది మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. ఎందుకు అవుతుందన్నదే ఇక్కడి విచారణాంశం.

2. పాట పుట్టుక, పాట ప్రయాణం

‘బండెనక బండి కట్టి’ పాటను కట్టినవాడు బండి యాదగిరి. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్నవాడు. జనం నోళ్లలో నలిగిన జానపద బాణీలో, పల్లెకు తెలిసిన బండ్ల వరుసను చూపుతూ, నిజాం పాలకుణ్ణి ఏకవచనంతో నిలదీసే పాట అది. ఆ ఏకవచనంలోనే దాని రాజకీయం ఉంది. దొర ముందు తలెత్తి మాట్లాడలేని మనిషికి ప్రభువును ‘నువ్వు’ అనే ధైర్యాన్ని ఆ పాట ఇచ్చింది.

ఆ పోరాట కాలంలో ఇలాంటి పాటలు అనేకం పుట్టాయి. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపాన్ని ప్రచారానికి మలిచాడు. బుర్రకథ ఊరూరా తిరిగింది. రూపం పాతది, విషయం కొత్తది. కట్టినవాడు తెలిసినవాడే, బాణీ మాత్రం తరతరాలది. కర్త తెలియకపోవడాన్ని జానపద గేయ లక్షణాలలో ఒకటిగా చెప్పే సంప్రదాయ నిర్వచనానికి ఈ పాటలు లొంగవు. అవి జానపదమూ కావు, శుద్ధమైన వ్యక్తి రచనా కావు.

మూడు దశాబ్దాల తరువాత కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో ‘మా భూమి’ (1979) నిర్మితమైంది. అందులో గద్దర్ తెర మీద కనిపించి ఈ పాటను పాడాడు. ఉద్యమాల వృత్తంలో మాత్రమే వినబడుతున్న పాట ఆనాటి నుంచి తెలుగు నేల అంతటా మోగింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ సభల్లోనూ వినిపించింది. 2023లో గద్దర్ మరణించినప్పుడు ఆయనతో పాటు జనానికి గుర్తొచ్చిన పాటల్లో ఇదొకటి. అనేకులు దీన్ని గద్దర్ పాటగానే ఎరుగుదురు.

ఇందులో గద్దర్ దోషమేమీ లేదు. కంఠం, గజ్జె, గొంగడి, అడుగు కలిసి ఆ పాటకు ఇచ్చిన రూపం ఆయన సొంత సృజన. పాఠం యాదగిరిది, ప్రదర్శన గద్దర్‌ది. అయితే పాఠానికీ ప్రదర్శనకూ మధ్య గీత ఎక్కడ గీయాలి? కాగితం మీది మాటలే పాట అనుకుంటే గద్దర్ కేవలం గాయకుడు. చెవికి వినబడేదే పాట అనుకుంటే ఆయన సహకర్త. మౌఖిక సంప్రదాయంలో రెండో అనుకోలును తోసిపుచ్చడం సులభం కాదు.

3. సోల్ ఛాయలో ఒక రాక్ గీతం

ఇదే చిక్కు ఇంగ్లండ్‌లో న్యాయస్థానం దాకా వెళ్లింది. 1967లో ప్రోకోల్ హారమ్ బృందం విడుదల చేసిన ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’ రాక్ సంగీతంలో సుప్రసిద్ధ గీతం. పదాలు కీత్ రీడ్‌వి. సంగీతం గ్యారీ బ్రూకర్ పేరున నమోదైంది. అయితే వినేవారి మనసులో ముందుగా నిలిచేది దాని ప్రారంభంలో హామండ్ ఆర్గన్ మీద మాథ్యూ ఫిషర్ పలికించిన స్వరమాల. అందులో బాఖ్ సంగీతపు ఛాయ ఉంది. పాట మందగమనంలో, గాత్రపు ఆర్తిలో అమెరికా నల్లజాతి వారి సోల్ సంగీతపు ఛాయ ఉంది. బ్రూకర్ అంతకుముందు పనిచేసిన బృందం అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ పాటలనే పాడుకుంటూ ఎదిగింది.

ఫిషర్ 2005లో దావా వేశాడు. 2006లో హైకోర్టు ఆయనను సహకర్తగా గుర్తించి సంగీతపు హక్కులో 40 శాతం వాటా ఇచ్చింది. 2008లో అప్పీలు కోర్టు సహకర్తృత్వాన్ని అంగీకరించింది కానీ, దాదాపు 38 ఏళ్లు ఆగి అడిగాడన్న కారణంతో ఆదాయంలో వాటాను నిరాకరించింది. 2009లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వాటాను పునరుద్ధరించింది. ఆలస్యం వల్ల ప్రతివాదులు నష్టపోలేదని, పైగా లాభపడ్డారని భావించింది.

ఈ తీర్పులో నీతిశాస్త్రానికి పనికివచ్చే అంశం ఒకటుంది: గుర్తింపు కాలదోషం పట్టేది కాదు. ఎంత ఆలస్యంగా అడిగినా, అసలు అడగకపోయినా, చేసిన పని చేసినవారిదే.

అయితే తీర్పు చూడనిది కూడా ఒకటుంది. కోర్టు ముందు నిలిచినవారు ఆ బృందానికి చెందిన ఇద్దరు సంగీతకారులు. బాఖ్ కాలం ఏనాడో గడిచింది. సోల్ సంగీతానికి వకీలు లేడు. ఆ సంగీతమైనా ఒకరిది కాదు. చర్చిలో నల్లజాతి భక్తులు గొంతు కలిపి పాడిన గోస్పెల్ గానాన్ని లౌకిక ప్రేమకు మళ్లించడంతో సోల్ రూపుదిద్దుకుంది. 1954లో రే చార్ల్స్ ఒక గోస్పెల్ పాట ఒరవడిలో ప్రేమగీతం కట్టడం ఆ మలుపుకు పేరుపొందిన ఉదాహరణ. ఒకరు ఎత్తుకోగా తక్కినవారు అందుకునే ఆ పద్ధతి మన వంతపాటకు దూరపు చుట్టం.

1966లో పెర్సీ స్లెడ్జ్ పాడి ప్రసిద్ధికెక్కించిన ‘వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ వుమన్’ మీద కర్తలుగా ఉన్నవి ఆయన తోటి వాద్యకారులు ఇద్దరి పేర్లు. ఆ బాణీ తనదేనని, మిత్రులకు ఇచ్చివేశానని స్లెడ్జ్ తరువాత చెప్పుకున్నాడు. ఆ మాట నిజమే అనుకుంటే అది దానం. కానీ దానం దానమని తెలియాలంటే దాత ఎవరో తెలియాలి. దాత పేరు లేని చోట మిగిలేది దానం కాదు, విస్మృతి.

4. చట్టం చూసేది

భారతదేశపు 1957 కాపీరైట్ చట్టం పాటను ముక్కలుగా చూస్తుంది. సాహిత్యం ఒకటి, సంగీతం ఒకటి, శబ్దముద్రణ మరొకటి. ఒకరి పాలు మరొకరి పాలు నుంచి విడదీయరానిదైతే దాన్ని ఉమ్మడి కర్తృత్వం అంటుంది. సినిమా పాటకు తొలి యజమాని నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. రచయితకు, స్వరకర్తకు రాయల్టీ హక్కును గట్టిపరచడానికి 2012 సవరణ దాకా ఆగవలసి వచ్చింది. ప్రదర్శకుని హక్కు 1994 సవరణతో గానీ చట్టంలోకి రాలేదు. అంటే ‘మా భూమి’ నాటికి పాడిన గొంతుకు చట్టంలో చోటే లేదు. తరతరాల బాణీకైతే నేటికీ లేదు.

యాజమాన్యం అంటే ఇతరులను ఆపే అధికారం. పోరాట గేయం ఎవరినీ ఆపకుండా ఉంటేనే బతుకుతుంది. కాబట్టి యాదగిరికి యాజమాన్యం కావాలని కోరడం ఆ పాట ఆశయానికే విరుద్ధం. ఇక్కడే తొందరపాటు జరుగుతుంది. యాజమాన్యం అక్కరలేదు గనుక పేరూ అక్కరలేదన్న నిర్ణయానికి వస్తాము. హక్కు వేరు, రుణం వేరు. హక్కు అడిగితే వచ్చేది. రుణం అడగకపోయినా ఉండేది.

5. ఎంచుకున్న అజ్ఞాతం, రుద్దిన అజ్ఞాతం

దీనికి బలమైన ఆక్షేపణ ఉంది. ఉద్యమ సాహిత్యానికి వ్యక్తి పేరు ముఖ్యం కాదు. నిర్బంధ కాలంలో కవులు మారుపేర్లతో రాశారు, పేరు లేకుండానూ రాశారు. ‘గద్దర్’ అన్నదే గదర్ పార్టీ స్మృతితో స్వీకరించిన పేరు. ఒక మనిషి తన పేరును విడిచి చరిత్ర పేరును తొడుక్కున్నాడు. అలాంటప్పుడు కర్త పేరు కోసం వెదకడం ఉద్యమ స్ఫూర్తికి వ్యక్తివాదాన్ని అంటగట్టడం కాదా?

ఈ ఆక్షేపణలో సత్యం ఉంది గానీ అది సగమే. కవి తానై ఎంచుకున్న అజ్ఞాతం త్యాగం. కవి మీద కాలం, అలసత్వం, అంతస్తు కలిసి రుద్దిన అజ్ఞాతం నష్టం. మొదటిదాన్ని గౌరవించాలి, రెండోదాన్ని సరిదిద్దాలి. పైగా ఈ రెండో అజ్ఞాతం అందరి మీదా సమానంగా పడదు. ఆస్థాన కవి పేరు శతాబ్దాలు దాటి వస్తుంది. దంచేటప్పుడు, నాట్లు వేసేటప్పుడు పాట కట్టిన స్త్రీ పేరు ఆమె ఊరు దాటదు. ‘ఇది జనం పాట’ అన్నప్పుడు ఆ జనంలో ఎవరి పేర్లు కరిగిపోతున్నాయో చూస్తే, కరిగేవి ఎక్కువగా పేదల పేర్లు, స్త్రీల పేర్లు, కింది కులాలవారి పేర్లు. సామూహికత అన్న గొప్ప మాట ఆ అసమానతకు ముసుగు కాకూడదు.

కర్మాగారపు వస్తువుకూ పాటకూ ఉన్న భేదం ఇక్కడ తేలుతుంది. భానూర్‌లో ఒక కార్మికుడి స్థానంలో అదే నైపుణ్యం గల మరొకరు నిలిచినా అదే వస్తువు తయారవుతుంది. అలా తయారుకావడమే అక్కడి పనితనానికి గీటురాయి. యాదగిరి స్థానంలో మరొకరు నిలిస్తే మరో పాట పుట్టేది, ఈ పాట పుట్టేది కాదు. గద్దర్ స్థానంలో మరొకరు నిలిస్తే ఈ పాట ఇలా వినబడేది కాదు. ఒకరికి బదులు మరొకరు నిలవలేని చోట పేరు అలంకారం కాదు, వాస్తవ కథనం. వేతనంతో తీరేది శ్రమ రుణం. సృజన రుణం తీరేది స్మరణతోనే.

6. ముగింపు

‘పాట ఎవరిది?’ అన్న ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. ఎవరు పాడవచ్చు? ఎవరైనా. ఎవరు మార్చవచ్చు? కొత్త దొరకు కొత్త చరణం కట్టగలవారెవరైనా. ఆ స్వేచ్ఛే పోరాట గేయపు ఊపిరి. ఎవరిని తలవాలి? కట్టినవారిని, మలిచినవారిని, బాణీని మోసుకొచ్చిన సమూహాన్ని, ముగ్గురినీ. మొదటి రెండు సమాధానాలు ఉదారమైనవి కావడం చేతనే మూడోది కచ్చితంగా ఉండాలి.

ఈ మూడో బాధ్యత న్యాయస్థానాలది కాదు, సాహిత్య పరిశోధనది. సంకలనాల్లో పాట కింద ‘జానపదం’ అని ఒక్క మాట రాసి ఊరుకోవడం సులభం. ఎవరు కట్టారు, ఏ బాణీ మీద కట్టారు, ఎవరి గొంతులో ఏ పాఠాంతరం ప్రచారమైంది, పేరు తెలియనిచోట ఎవరి నోట, ఏ ఊళ్లో సేకరించారు అన్న వివరాలు నమోదు చేయడం శ్రమతో కూడినది. ఫిషర్ తన పేరు కోసం తానే నిలబడగలిగాడు. బండి యాదగిరి వంటివారి కోసం ఎవరూ దావా వేయరు. అటువంటి పాటను పాఠ్యాంశంగా బోధించే ప్రతి తరగతి, అచ్చువేసే ప్రతి పుస్తకం ఆ పేరును నిలిపే చోటు కావచ్చు, చెరిపే చోటూ కావచ్చు.