ఇరవయ్యొకటో రోజు

చదువుకోవలసిన భాగం: యోహాను 11:1–44

ఇంట్లో పొదిగే పెట్టె పెట్టుకున్నవాళ్లకి మొదటి 18 రోజులు పెద్ద పనేమీ ఉండదు. ఒక థర్మోకోల్ డబ్బా, అందులో బల్బు, చిన్న ఫ్యాను, వేడిని 37.5 డిగ్రీల దగ్గర నిలబెట్టే థర్మోస్టాటు, మూలన నీళ్ల గిన్నె. రోజుకు మూడుసార్లు గుడ్లు పొర్లించడం, వారం తిరిగాక చీకట్లో టార్చి పెట్టి చూసి ఎర్రటి నరాలు కనపడని గుడ్లు తీసేయడం, కరెంటు పోతే డబ్బా మీద దుప్పటి కప్పడం. అంతే. 18వ రోజున పొర్లించడం ఆపేసి, ఇంకో గిన్నెలో నీళ్లు పెట్టి, మూత వేసేస్తారు. మనిషి ఓపికకి పరీక్ష అక్కణ్నుంచి మొదలు.

20వ రోజునో 21వ రోజునో ఒక గుడ్డుకి లావుపాటి వైపున చిన్న బీట పడుతుంది. లోపలినుంచి కీచుమని పిలుపు. ఇంటిల్లిపాదీ వచ్చి డబ్బాకున్న అద్దం దగ్గర మూగుతారు. గంట గడుస్తుంది, మూడు గంటలు గడుస్తాయి, బీట పెరగదు. పిల్ల కదలడం కూడా మానేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "పాపం, రాలేకపోతోందే. కాస్త పెంకు గిల్లెయ్యరాదూ?"

గిల్లకూడదు. అన్నాళ్లూ ఆ పిల్లకి ఊపిరి ముక్కుతో ఆడలేదు. పెంకుకున్న వేలాది సన్నటి రంధ్రాల్లోంచి గాలి వస్తుంటే, పెంకు లోపల పరుచుకున్న పొరలోని రక్తనాళాలు దాన్ని అందుకుంటూ వచ్చాయి. ఒళ్లు పెరిగాక ఆ గాలి చాలదు. అప్పుడది లావుపాటి వైపున్న గాలి అరలోకి ముక్కు గుచ్చి మొదటిసారి ఊపిరితిత్తుల నిండా పీలుస్తుంది. పెంకుకి బీట ఆ తర్వాతే. బీట పడ్డాక కదలకపోతే అలిసిపోయిందనుకుంటాం. కానీ ఆ 12 గంటల్లో, 18 గంటల్లో, ఒక్కోసారి 24 గంటల్లో, పొరలో పారుతున్న రక్తమంతా వెనక్కి ఒంట్లోకి చేరుతుంది. మిగిలిన పచ్చసొన బొడ్డుగుండా కడుపులోకి వెళ్లిపోతుంది. పుట్టాక రెండు మూడు రోజులు దానికి ఆ సొనే తిండి. హేచరీలవాళ్లు ఒక్కరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో సర్ది, మేత పెట్టకుండా దూరాభారం పంపగలుగుతున్నారంటే ఆ సొన చలవే. మనం జాలిపడి ముందే పెంకు వలిచామనుకోండి, పొర చిరిగి నెత్తురు కారుతుంది. సొన బయట వేలాడుతూ, బొడ్డు మూసుకోకుండా పిల్ల చేతిలోకి వస్తుంది. అలాంటిది బతకడం కష్టం.

ఇవాళ్టి వాక్యభాగంలోనూ అలాంటి ఆగడమే ఉంది. లాజరుకి జబ్బుగా ఉందని బేతనియనుంచి అతని అక్కాచెల్లెళ్లు యేసుకి కబురు పంపారు. యేసుకి ఆ ఇంట్లో అందరూ ప్రియమైనవాళ్లే. ఆ మాట యోహాను ముందు రాసి, వెంటనే ఆయన ఉన్నచోటే ఇంకో రెండు రోజులు ఉండిపోయాడని రాస్తాడు. రెండు వాక్యాల మధ్య సర్దిచెప్పే ప్రయత్నమేమీ చేయడు. ఆయన చేరేసరికి సమాధి చేసి నాలుగు రోజులైంది. ముందు మార్త, తర్వాత మరియ, ఒకరి మాట ఒకరు వినకుండానే ఒకే మాట అన్నారు: నువ్వు ఇక్కడ ఉండి ఉంటే మావాడు పోయేవాడు కాదు. ఆసుపత్రి వరండాల్లో, కోర్టు మెట్ల మీద, ఇంటర్ ఫలితాల రోజు రాత్రి మనం అన్నదీ అదే. దేవుడు ఆగిన ఆ రెండు రోజుల్లో లోపల ఏం జరిగిందో అక్కాచెల్లెళ్లకి తెలియదు. గుడ్డు చుట్టూ మూగినవాళ్లకి తెలుస్తుందా?

ఇక్కడిదాకా వచ్చి ప్రసంగం ముగించేయడం మనకి అలవాటు. సీతాకోకచిలుక గూడు కథ వినని సంఘం ఉండదు కదా. ఎవరో జాలిపడి గూడు కత్తిరించాడట, రెక్కలు విచ్చుకోలేదట, అందుకని కష్టంలో ఉన్నవాళ్లని వాళ్ల కష్టానికి వదిలెయ్యాలట. నాకు ఆ కథంటే ఎప్పుడూ గిట్టదు. చెప్పేవాడికి చేతులు కట్టుకు కూర్చోవడానికి మంచి సాకు దొరుకుతుంది.

గుడ్లు లేపేవాళ్లనడిగితే వేరే మాట చెప్తారు. కొన్ని పిల్లలు తల గాలి అర వైపు కాకుండా సన్నపు కొన వైపు పెట్టుకుని ఉంటాయి. అందులో కొన్ని తంటాలు పడి వచ్చేస్తాయి, కొన్ని రాలేవు. ఇంకొన్నిటికి పొర ఎండిపోయి, తోలులా బిగిసి, ఒంటికి అంటుకుపోతుంది. పిల్ల తిరగాలి, తిరుగుతూ ముక్కు కొసనున్న తెల్లటి చిన్న పంటితో పెంకు చుట్టూతా కొట్టుకుంటూ పోవాలి. ఒళ్లు పొరకి అతుక్కుపోయాక ఎలా తిరుగుతుంది? ఆ పొర ఎందుకు ఎండిందంటారా? చాలాసార్లు మనవల్లే. మొదట పుట్టిన పిల్లని చూసుకునే ముచ్చటకి ఒకసారి, ఫోటోకి ఒకసారి, పక్కింటివాళ్లకి చూపించడానికి ఒకసారి మూత తీస్తాం. తీసిన ప్రతిసారీ లోపలి తేమ బయటికి పోతుంది. చివరి మూడు రోజులు 65, 70 శాతం ఉండాల్సిన తేమ పడిపోతుంది. బీట పడి ఆగివున్న మిగతా గుడ్లు దానికి బలైపోతాయి. అలాంటి పిల్లని "దాని తంటాలు అది పడాలి" అని వదిలేస్తే అది చచ్చిపోతుంది.

కోడిపెట్ట రెక్కల గురించి యేసే మాట్లాడాడు కాబట్టి ఒక మాట. పెట్ట చివరి రోజుల్లో మేతకి కూడా సరిగ్గా లేవదు, అదీ నిజమే. కానీ ముందు లేచిన పిల్లలు కాళ్లమీద నిలబడగానే, ఒకటి రెండు రోజుల్లో, వాటిని తీసుకుని గంప దిగి వెళ్లిపోతుంది. వెనకబడిన గుడ్డు చల్లబడిపోతుంది. తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదాని వెంట వెళ్లిన కాపరి కథ చెప్పినవాడు కోడి దగ్గర ఆగిపోలేదు.

సాయం చెయ్యడానికీ ఒక పద్ధతుంది. బీట పడి 24 గంటలు దాటాలి. పిల్ల అరుపు నీరసపడి ఉండాలి, పొర తెల్లబడో గోధుమరంగుకి తిరిగో ఉండాలి. వెచ్చని గదిలో కూర్చుని, గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదిపుల్లతో పొరని తడపాలి, ముక్కు రంధ్రాలకి తగలకుండా. తడిస్తే పొర అద్దంలా తేటపడుతుంది. అప్పుడు టార్చి వేసి చూడాలి. వెంట్రుకల్లాంటి ఎర్రగీతలు కనిపిస్తే చెయ్యి తీసెయ్యాలి, గుడ్డు మళ్లీ పెట్టెలో పెట్టాలి, కొన్ని గంటలాగి చూడాలి. గీతలు లేకపోతే గోటితో గాలి అర చుట్టూ పెంకు కొంచెం కొంచెంగా తీయాలి. ఒక్క చుక్క నెత్తురు కనపడినా అక్కడే ఆపాలి. తల, భుజాలు విడిపించి కింది సగం దానికే వదిలేస్తారు. బొడ్డు ఇంకా అంటుకుని ఉండొచ్చు, ఆ చివరి తన్ను అదే తన్నుకోవాలి. గడియారం ఒక్కటే చూసి చేసే పని కాదిది, పొర చూసి చేసే పని.

సమాధి దగ్గర యేసు చేసింది చూడండి. రాయి తీసే పని అక్కడున్నవాళ్లకి చెప్పాడు. లాజరుని పిలిచే పని మాత్రం తనే చేశాడు, అది ఇంకెవరివల్లా కాదు. లాజరు బయటికి వచ్చాడు, బతికే వచ్చాడు, కానీ కాళ్లూ చేతులూ ప్రేతవస్త్రాలతో కట్టేసి ఉన్నాయి, మొహానికి రుమాలు చుట్టి ఉంది. చచ్చినవాణ్ని లేపినవాడికి ఆ గుడ్డముక్కలు ఊడదీయడం ఒక లెక్కా? అయినా ఆ కట్లు విప్పమని చుట్టూ ఉన్నవాళ్లకే చెప్పాడు. అంతకుముందు విప్పమనలేదు. పిలిచాక, వాడు లేచి వచ్చాక, విప్పమన్నాడు.

మన సంఘాల్లో ఈ వరస తరచుగా తలకిందులవుతుంది. తాగుడు మాని నెల తిరగని మనిషిని మైకు ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తాం. వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతాం. పొరలో ఇంకా నెత్తురు పారుతోంది. ఏ బలహీనమైన రాత్రో అతను మళ్లీ జారితే, అంతమందికీ మొహం చూపించలేక మందిరానికి రావడమే మానేస్తాడు. ఇంకోపక్క, మొగుడి దెబ్బలకి కమిలిన చెంప చెంగుతో కప్పుకుని వచ్చిన పిల్లకి, "ఓర్చుకో అమ్మా, దేవుని సమయం రావాలి" అని చెప్పి ప్రార్థన చేసి పంపించేస్తాం. ఆమె విషయంలో ఆగితే లోపల జరిగే మేలేమీ లేదు. పొర ఎప్పుడో ఎండిపోయింది. ఆమె అరుపు కూడా నీరసపడిపోయింది. ఆమె కష్టాన్ని నలుగురి నోళ్లలో పెట్టి మూత మాటిమాటికీ తీసింది కూడా మనమే అయ్యుండొచ్చు. ఆమెకి ఆ రాత్రి తలదాచుకునే గది కావాలి, పోలీస్ స్టేషన్‌దాకా తోడొచ్చే మనిషి కావాలి.

చేతికి వచ్చిన ప్రతి పిల్లా బతకదు. ఎంత జాగ్రత్తగా తీసినా కొన్ని కాళ్లు విడివడి నిలబడలేవు, కొన్ని తెల్లారేసరికి ఉండవు. గుడ్లు లేపేవాళ్లు ఈ సంగతి దాచరు. అయినా మళ్లీ గుడ్డు అందుకుంటారు.

ప్రార్థన: ప్రభువా, ఆలస్యమైందని మార్త నీ ఎదుటే అంటే నీవు కోప్పడలేదు. మేమూ అంటున్నాం, విను. ఫలానా వాళ్ల ఇంటికి వెళ్లాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటూ వాయిదా వేస్తున్నాం, ఈ సాయంత్రం మమ్మల్ని పంపించు. మరొకరి గురించి మాట్లాడాలని నాలుక దురద పెడుతోంది, దాన్ని ఆపు. ఆమేన్.